లెక్కలోకి రాని మగపిల్లలు

గుంటూరు, ప్రకాశం వైపు వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా పార్వతీపురంలో అందరూ ఒకటే అడుగుతున్నారు. అమరావతి చూశావా, కోటప్పకొండ ఎక్కావా అని. రెండూ లేదు. నేను చూసింది ఒక మిరప కళ్ళం, ఒక రాళ్ళ ఫ్యాక్టరీ, సముద్రం ఒడ్డున ఒక భోజనాల పాక. వెళ్ళిన పని మాత్రం చెప్పుకునేది కాదు. వియ్యాలవారి బంధువుల ఇళ్ళకి పిలవని పేరంటంగా వెళ్ళి, మీ ఇంట్లో పసిగుడ్డుగా ఉండగా పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడగడం. అటువంటి ప్రశ్న పట్టుకుని తిరిగే యాత్ర ఇంకొకరికి రాకూడదు. వస్తే మాత్రం పనికొస్తుందని రాస్తున్నాను.

నా మనవడు ధీరజ్‌కి పుట్టగానే అందరు పిల్లల్లాగే ఎడమ జబ్బకి టీబీ టీకా వేశారు. మిగతావాళ్ళకి చిన్న మచ్చ మిగిలి పోతుంది. వీడికి పుండు పడింది, మానలేదు, చంకలో గడ్డ కట్టింది. తర్వాత నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు, ఏ మందుకీ లొంగని దగ్గు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం, డాక్టర్లని మార్చాం. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. రక్తంలో లింఫోసైట్లు అని, ఒంటిని కాపలా కాసే కణాలుంటాయట. మా వాడి ఒంట్లో అవి పుట్టుకతోనే సరిగ్గా తయారు కావడం లేదట. ఎవరో తుమ్మినా వాడికి ప్రాణం మీదకి వస్తుంది. అందుకని గాజు గదిలో పెట్టారు. వేరే మనిషి ఎముకల్లోని మూలుగ ఎక్కించడం ఒక్కటే దారి, తండ్రి మూలుగ సరిపోతుందేమో చూస్తున్నాం అంది.

ఆ మాట చెప్పి ఇంకో మాట అడిగింది. ఈ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుంది, ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకేమీ కాదు, వాళ్ళకి పుట్టే మగపిల్లల్లో కొందరికి తగులుతుంది, మీ వైపు చిన్నప్పుడే పోయిన మగపిల్లలు ఉన్నారా అని. మా కోడలు లావణ్య వాళ్ళ అమ్మ కోటేశ్వరమ్మ, అంటే నా వియ్యపురాలు, అమ్మ తోడు, మా వైపు ఎవరూ లేరండీ అని చెప్పింది. మరి మీ వైపు ఇప్పుడు గర్భంతో ఎవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగింది. ఉంది. కోటేశ్వరమ్మ చెల్లెలు ధనలక్ష్మి కూతురు రమ్య. నెలలు నిండి పుట్టింట్లో పురిటికి ఉంది.

"మగబిడ్డ పుడితే, రక్తపరీక్ష అయ్యేదాకా ఆ టీకా వెయ్యనివ్వకండి," అంది డాక్టరమ్మ. "లోకంలో పిల్లలందరికీ అది రక్షే. ఈ జబ్బున్న పిల్లలకే ముప్పు. ముందుగా తెలిస్తే ఏ రోగమూ అంటకుండా కాపాడి వైద్యం చెయ్యొచ్చు."

కోటేశ్వరమ్మ వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. మా ఇంట్లో ఎవరికీ లేని రోగం నా కూతురి కడుపుకి అంటగడతావా అని ధనలక్ష్మి ఫోన్ పెట్టేసింది, తర్వాత ఎత్తడం మానేసింది. రమ్య ఫోన్ కూడా ఆవిడ చేతిలోనే ఉంది. రమ్య భర్తని అడిగితే, అత్తయ్యగారు ఏమంటే అదే అన్నాడు. కొడుకూ కోడలూ ఆసుపత్రి వదిలి కదల్లేరు. గాజుకి ఇవతల కూర్చుని ఏడవడం తప్ప అక్కడ నాకు పనిలేదు. అందుకని కోటేశ్వరమ్మా నేనూ రైలెక్కాం.

గుంటూరు, నల్లపాడు

రైలు గుంటూరులో దిగేసరికి తెల్లారింది. ఊరు నన్ను తుమ్ములతో పలకరించింది. మిరప సీజనులో గాలికే కారం ఉంటుందని విన్నాను గాని, ఇంత నిజమనుకోలేదు. ఆటోవాడు టిక్కీల లారీల మధ్య దూరిపోతూ, కొత్తవాళ్ళా అమ్మా అని నవ్వాడు. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనెబస్తా. ఒక్కో బస్తా మనిషెత్తు ఉంది. ప్రతి తుమ్ముకీ నాకు ధీరజ్ గుర్తొచ్చాడు. కోటేశ్వరమ్మకి తుమ్ము రాలేదు. ఈ గాలిలో పుట్టి పెరిగిన మనిషి.

వాళ్ళ ఇల్లు నల్లపాడులో. వాళ్ళాయన కౌలుకి మిరప వేస్తాడు. నేను వియ్యపురాల్ని కాబట్టి అడుగు పెట్టగానే కాళ్ళకి నీళ్ళు, కూర్చోడానికి మంచి కుర్చీ, మీద కొత్త తువ్వాలు. మా వైపు వియ్యపురాలు వస్తే ముందు కష్టసుఖం మాట్లాడి, తర్వాత వంటింటి సంగతి చూస్తాం. ఇక్కడ తినేదాకా నోరు విప్పనివ్వరు. ఇడ్లీ మీద కారప్పొడి కొండలా పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసింది. కారం తగ్గించమంటే, "తగ్గించే పెట్టా వదినగారూ, మావాళ్ళకైతే ఇంకా వేస్తా," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నోట్లో పెట్టుకున్నాను. మర్యాద ఎవరిదైనా, మంట మాత్రం నాదే.

డాక్టరమ్మ 'తల్లి వైపు' అన్న దగ్గర్నుంచి కోటేశ్వరమ్మ నా మొహంలోకి చూడటం మానేసింది. నేను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆవిడకి ఎక్కువ కష్టంగా ఉందనిపించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఊరుకుంటే ఏం చేస్తుంది పాపం.

పొద్దెక్కాక వాళ్ళాయన్ని చూడటానికి కళ్ళానికి వెళ్ళాం. నల్లరేగడి చేల మధ్య నేలంతా ఎర్రగా పరిచి ఉంది. మేము వడ్లు ఎండబెడతాం, వీళ్ళు మంటని ఎండబెట్టుకుంటున్నారు అనుకున్నాను. బుద్ధిలేక ఒక కాయ తొడిమ తుంచి చూసి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. ఇక చూసుకోండి. లోకం ఆగిపోయింది. కోటేశ్వరమ్మ పరిగెత్తి చల్లని మజ్జిగలో కొంగు ముంచి కంటి మీద అద్దింది. కళ్ళంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నేను ఏడుస్తున్నాననుకుని, పిల్లాడికి తగ్గిపోతుందిలే పెద్దమ్మా అని ఓదార్చారు. అది కారం వల్ల వచ్చిన నీరేనని చెబుదామనుకున్నాను. అప్పటికి అది ఒక్క కారం నీరే కాదు.

వాళ్ళాయన కళ్ళం పక్కన వేసుకున్న కాపలా మంచం మీద నుంచి లేచి నిలబడి, ధీరజ్‌కి ఎలా ఉందని అడిగాడు. ఆ జబ్బు ఏంటో ఆయనకి అర్థమయ్యేట్టు చెప్పడం నా వల్ల కాలేదు. భార్యే చెప్పింది. "నువ్వు ఇక్కడ పడుకోకపోతే కళ్ళం ఏమైపోద్ది? పిల్లోడి ఒళ్ళు అట్టా ఉంది. కాపలా లేదు." ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

ధనలక్ష్మి మన మాట వినాలంటే ఎవరు చెప్పాలని ముగ్గురం ఆలోచించాం. అక్కచెల్లెళ్ళిద్దరికీ అమ్మ లేదు. అమ్మ తమ్ముడు ఒకాయన ఉన్నాడు, ప్రసాదరావు, మార్టూరులో. మేనమామ మాటంటే ధనలక్ష్మికి వేదం. పైగా వాళ్ళ అమ్మమ్మ కాలం సంగతులు తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి బయల్దేరాం. ఆ రాత్రి ఎవరి ఫోన్ మోగినా ఇద్దరం ఉలిక్కిపడ్డాం. హైదరాబాదు నుంచేమో అని నాకు, చెల్లెలి కూతురికి నొప్పులొచ్చాయేమో అని ఆవిడకి.

మార్టూరు

చిలకలూరిపేట దాటేదాకా బస్సు కిటికీలోంచి పత్తి, మిరప, మళ్ళీ పత్తి. పత్తి తీతలు అయిపోయి మోళ్ళు మిగిలాయి. అక్కడక్కడ కాయల్లో చిక్కుకున్న దూది గాలికి ఊగుతోంది. మిరప చేలల్లో ఆడవాళ్ళు మొహానికి గుడ్డలు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేట్టు వంగి కోస్తున్నారు. మా వైపు ఆడవాళ్ళు వరి నాట్లేస్తూ పాడుకుంటారు. ఈ పనిలో నోరు తెరిస్తే కారమే.

మార్టూరు దగ్గరికి వచ్చేసరికి రంగు మారిపోయింది. చెట్లూ కప్పులూ కుక్కలూ అన్నీ తెల్లగా, పిండి చల్లినట్టున్నాయి. రాళ్ళు కోసి మెరుగుపెట్టే యూనిట్లు వరసగా ఉన్నాయి. ప్రసాదరావుగారిది అందులో ఒకటి. గేటు లోపల పెద్ద రంపం ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ బండని కోస్తోంది. దాని రొదలో ఎవరి మాటా వినపడటం లేదు. నిలబడలేక పక్కనే ఉన్న నున్నటి పలక మీద కూర్చున్నాను. లేచి చూసుకుంటే చీర వెనకంతా రాతి బురద. ఆయన నవ్వకుండా ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, చెవుల మీద రాతిపొడి. తన భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి, కూర్చోమ్మా అని కూల్‌డ్రింక్ తెప్పించాడు.

కోటేశ్వరమ్మ విషయం చెప్పి అడిగింది. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మకి మీ అమ్మా నేనూ. అంతేనమ్మా. మా ఇళ్ళల్లో అట్టాంటి రోగాలు లేవు."

అప్పుడు నేను ఆయన మొహం వైపు చూస్తున్నాను. ముక్కు కుడి పక్కన, మడత దగ్గర, పూడిపోయిన చిన్న గుంట ఉంది. మొటిమ మచ్చ కాదు. అచ్చు అటువంటిదే మా తాత ముక్కుకి ఉండేది. మా తాత పేరు తవిటినాయుడు. ఆయనకి ముందు పుట్టిన పిల్లలు బతకలేదని, ఈయన్ని పుట్టగానే పొరుగావిడకి ఇచ్చేసి, కుంచెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కుందట మా ముత్తవ్వ. వీడు నా బిడ్డ కాదు, తవుడుకి కొన్న సరుకు అని చావుని నమ్మించడానికి. ఆడపిల్ల అనుకునేట్టు ముక్కు కూడా కుట్టించారు. మా వైపు ఆ పేర్లు ఇప్పటికీ వీధికొకటి ఉన్నాయి. ఇక్కడ పేరు వేరు కావచ్చు. తల్లి భయం మాత్రం వేరు కాదు.

"బాబాయిగారూ, ఏటనుకోకండి," అన్నాను. ఆ 'ఏటి' విని ఇక్కడివాళ్ళు నవ్వుతారని తెలుసు, అయినా నోట్లోంచి వచ్చేసింది. "మీ ముక్కు ఎందుకు కుట్టించారు?"

ఆయన చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. లేచి వెళ్ళి, మిషన్ ఆపమని అరిచాడు. రంపం ఆగింది. ఆ నిశ్శబ్దంలో పైపులోంచి కారుతున్న నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది.

"నా పేరు ప్రసాదరావు కాదమ్మా. అది బళ్ళో మాస్టారు రాసిన పేరు. మా అమ్మ పెట్టిన పేరు పెంటయ్య."

పుట్టిన రోజున ఆయన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టారట. పక్కింటావిడ చేటలో ఎత్తుకొచ్చి, దొరికాడమ్మా, నూకలిచ్చి తీసుకో అని వాళ్ళమ్మకి అమ్మిందట. ఆయనకి ముందు ముగ్గురు పుట్టి పోయారట. ముగ్గురూ మగపిల్లలే. ఒకడికి నోరు పూసి పాలు తాగలేక, ఒకడు దగ్గుతో, ఒకడు ఒళ్ళంతా పుళ్ళు పడి. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో వెళ్తూ చెప్పుకునే మాటల్లో విన్నాడట. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా వాళ్ళ ఊసు ఎత్తలేదు.

ఇంత వయసొచ్చింది, తన అమ్మమ్మకి ముగ్గురు పిల్లలు పోయారని కోటేశ్వరమ్మకి తెలియదు. అబద్ధం చెప్పింది కాదు డాక్టరమ్మకి. బారసాల కాని బిడ్డకి పేరుండదు. పేరు లేనివాణ్ణి ఎవరూ లెక్కలో వెయ్యరు. ఎంతమంది పిల్లలంటే బతికున్నవాళ్ళనే చెబుతారు. మా వైపూ అంతే. నేనూ ఆ ప్రశ్నకి అలాగే జవాబు చెప్పి ఉండేదాన్ని.

ధనలక్ష్మి ఉండే వాడరేవుకి వచ్చి ఈ మాట ఆవిడకి చెప్పమని అడిగాం. ఆయన ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న పిల్ల ఇంటికెళ్ళి చచ్చిన బిడ్డల కబురు చెప్పమంటారా అన్నాడు. పైగా మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు, ఈ రక్తం మాట బయటికి పొక్కితే ఎవరొస్తారు అన్నాడు. డాక్టరమ్మ చెప్పిందే నేను చెప్పాను. మీకు ఆ జబ్బు లేదు కాబట్టి మీ కూతుళ్ళకి మీ నుంచి రాదు, మీ మనవరాళ్ళకి భయం లేదు అని. విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. ఇంటికి తీసుకెళ్ళి గోంగూర, ముద్దపప్పు, పండుమిరపకాయ పచ్చడితో అన్నం పెట్టించాడు. ఎవరమూ సరిగా తినలేదు. చీరాల బస్సు దగ్గర దింపి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. పరువు కోసం ఒక పసిగుడ్డుని వదిలేస్తాడా అనుకున్నాను.

పర్చూరు మీదుగా

బస్సు పర్చూరు దాటింది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, శనగ చేలు. నేను చీరకంటిన రాతి బురద గోరుతో గీకుతూ కూర్చున్నాను. కోటేశ్వరమ్మ కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది.

"వదినగారూ, మా చెల్లెలు ధనానికి కూడా ఒకడు పోయాడండీ. రమ్య కంటే ముందు."

నేను గీకడం ఆపాను. మరి డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను. అరిచినట్టున్నాను, ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"అది జబ్బు కాదనుకున్నానండి. ముసురు పట్టిన రోజు ధనం వాడికి తలకి పోసింది. జలుబు చేసి పోయాడు. వాళ్ళత్త అట్టాగే చెప్పింది, అందరం అట్టాగే అనుకున్నాం."

అప్పుడు నాకు మొత్తం కనపడింది. ఒకడు ముసురులో తలంటు వల్ల. ఒకడు దిష్టి వల్ల. ఒకడు పాలు పడక. ప్రతి బిడ్డకీ ఒక కారణం, విడివిడిగా. అందరినీ ఒక వరసలో నిలబెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరో ఒక తల్లి చేతిలో తప్పు పెట్టేసి ఊరుకున్నారు. ధనలక్ష్మి ఫోన్ ఎందుకు పెట్టేసిందో కూడా అర్థమైంది. ఆవిడ పొగరు కాదు అది.

ఆ రాత్రి చీరాలలో లాడ్జిలో ఉన్నాం. ఎక్కడో మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. చీరలు చూద్దామా అని కోటేశ్వరమ్మ మాటవరసకి అడిగింది. ఇద్దరికీ మనసు లేదు. ధీరజ్‌కి మళ్ళీ జ్వరం వచ్చిందని నా కొడుకు ఫోన్ చేశాడు.

వాడరేవు

మర్నాడు ఆదివారం. చీరాల నుంచి వాడరేవు రోడ్డంతా కార్లు, స్నానాలకి వచ్చిన జనం. ఒడ్డున పడవల పక్కన ఇసుకలో చేపలు ఎండుతున్నాయి. ఆ వాసనకి అలవాటు పడేలోపే ధనలక్ష్మి భోజనాల పాక వచ్చింది. వారాంతం వచ్చేవాళ్ళకి చేపల వేపుడు, రొయ్యల కూరతో భోజనం పెడుతుంది. వెనక గదిలో కాపురం. ఆ గది తలుపు దగ్గరకి వేసి ఉంది. రమ్య లోపలే ఉంది, ఇంకా ప్రసవం కాలేదు. నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

ధనలక్ష్మి అక్కని చూసి మొహం తిప్పుకుంది. నేను వియ్యపురాల్ని కదా, నన్ను ఏమీ అనలేదు. రండి వదినగారూ అని ఆకు వేసి, చేప ముక్క వడ్డించి, విసనకర్ర కూడా చేతికిచ్చింది. అక్కకి నీళ్ళు కూడా పెట్టలేదు. నేను నోరు తెరిచినప్పుడల్లా, ఇంకో ముక్క వేస్తా ఉండండి అంటుంది. మర్యాదతో నోరు మూయించడం వీళ్ళ దగ్గరే చూశాను. ముల్లు గొంతుకి అడ్డం పడి, దగ్గి దగ్గి చచ్చాను. కోటేశ్వరమ్మ చెంబుడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. ధనలక్ష్మి అన్నం ముద్ద చేసి మింగమంది. ముల్లు దిగాక నేను ఆకు మడిచేసి లేచి నిలబడ్డాను.

"అమ్మా ధనలక్ష్మీ, నువ్వు నన్ను పొమ్మను, పోతాను. ఒక్కటి విను. పుట్టేది మగబిడ్డయితే ఆ టీకా ఒక్కటి ఆపి రక్తపరీక్ష చేయించు. ఇంకేం అడగను."

"నా కూతురు చల్లగా కనాల," అంది. "మా ఇళ్ళల్లో లేని రోగం మీరు మోసుకొచ్చి పెట్టొద్దు. మా అమ్మకి లేదు, మా అమ్మమ్మకి లేదు."

అక్క ఏదో చెప్పబోయింది. ధనలక్ష్మి గరిటె విసిరికొట్టింది. భోంచేస్తున్న కార్లవాళ్ళు తలలెత్తి చూశారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా మనవడి మీద ఒట్టేసి చెబుతున్నాను, అంత నిస్సహాయంగా నేను జన్మలో లేను.

అప్పుడు రోడ్డు మీద మోటార్‌సైకిల్ ఆగింది. ప్రసాదరావుగారు. అంత దూరం ఎండలో నడుపుకుంటూ వచ్చాడు. ఆ తెల్ల చొక్కా ఎర్రదుమ్ము కొట్టుకుపోయి ఉంది. ధనలక్ష్మి కంగారుగా కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేదు. వంటపొయ్యి దగ్గరికి నడిచి, మేనకోడలి ముందు నిలబడ్డాడు.

"ధనం, నా పేరు పెంటయ్య."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన ముక్కు మీది గుంట చూపించి, తనకి ముందు పోయిన ముగ్గురి సంగతి చెప్పాడు. నోరు పూసినవాడు, దగ్గినవాడు, పుళ్ళు పడినవాడు. ఎక్కడా ఆగకుండా చెప్పాడు, ఎప్పటి నుంచో లోపల సిద్ధంగా ఉన్నట్టు.

ధనలక్ష్మి చెయ్యి కొంగు పట్టుకుని ఆగిపోయింది. వెనక గది తలుపు తెరుచుకుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని రమ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. కూతుర్ని చూసి కూడా ధనలక్ష్మి ఆపుకోలేకపోయింది.

"మావయ్యా, మరి నా పిల్లోడు? నేను ముసురులో తలకి పోసినందుకు కాదా?"

నేను హైదరాబాదు డాక్టరమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఆదివారమైనా ఎత్తింది, ఆవిడ రుణం తీర్చుకోలేను. బిడ్డ నోట్లో తెల్లగా పూసిందా అని అడిగింది. పూసిందండి అంది ధనలక్ష్మి. టీకా వేసిన చోట పుండు మానిందా అంది. మానలేదండి, చీము కారేది, గుడ్డ కట్టేదాన్ని అంది.

"పరీక్ష చెయ్యకుండా ఏ జబ్బో నేను రూఢిగా చెప్పలేనమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ నువ్వు తలకి పోసిన నీళ్ళ వల్ల మాత్రం పోలేదు."

ధనలక్ష్మి పొయ్యి దగ్గర నేల మీద కూలబడింది. ఏడ్చిన ఏడుపు నేను వర్ణించను. రమ్యకి తనకంటే ముందు ఒక అన్న ఉన్నాడని ఆ రోజే తెలిసింది. ఆ పిల్ల వచ్చి తల్లి పక్కన కష్టంగా కూర్చుని, ముందు ఆవిడ నోటికి నీళ్ళు పట్టింది. తర్వాత నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఎక్కడ పరీక్ష చేయించాలి, ఎవరికి చెప్పాలి అని తనే అడిగింది. పెనం మీద చేపలు మాడిపోయాయి. కార్లవాళ్ళు డబ్బులు బల్ల మీద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. కోటేశ్వరమ్మ పొయ్యి ఆర్పి, చెల్లెలి పక్కన కూర్చుంది. ఆ పూట అక్కాచెల్లెళ్ళు ఒక్క కంచంలో తిన్నారు.

మళ్ళీ హైదరాబాదు

మేము తిరిగి వచ్చిన వారంలోనే రమ్యకి మగబిడ్డ పుట్టాడని ధనలక్ష్మే ఫోన్ చేసింది. నర్సింగ్‌హోములో ముందే చెప్పి పెట్టినా, నర్సు మారినప్పుడల్లా మళ్ళీ చెబుతూ, గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుందట. పరీక్షలో అదే జబ్బు అని తేలింది. కానీ వీడి చేతికి పుండు లేదు, నోట్లో పూత లేదు, దగ్గు లేదు. ఏమీ అంటకముందే తీసుకొచ్చారు. ధీరజ్ ఉన్న వరసలోనే ఇంకో గాజు గది. వీడికి చాలా మంచి అవకాశం ఉందని డాక్టరమ్మ అంటోంది.

ధీరజ్‌కి వాళ్ళ నాన్న మూలుగ ఎక్కించారు. టీకా తెచ్చిన జబ్బుతో వాడింకా పోరాడుతున్నాడు. కణాలు కొంచెం కొంచెంగా పెరుగుతున్నాయంటున్నారు. పెరిగాయన్న రోజు అన్నం తింటాను, తగ్గాయన్న రోజు తినలేను. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

రమ్య బిడ్డకి బారసాల గాజు బయటే చేశాం. రమ్య అత్తగారు చిన్న బంగారు ముక్కుపోగు తెచ్చింది. పిల్లాడు గట్టివాడు కాదు కదా, ఏదైనా పెంటయ్య, పుల్లయ్య లాంటి పేరు పెట్టి, ఇల్లు చేరాక ముక్కు కుట్టిద్దాం అంది. ఆవిడ మంచికే చెప్పింది. ప్రసాదరావుగారు మార్టూరు నుంచి ఫోన్లో ఉన్నాడు, స్పీకరులో అంతా విన్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "మా అమ్మ నన్ను దాచిపెట్టుకుంది, తప్పలేదు. వీణ్ణి దాచొద్దు. మంచి పేరు పెట్టి, పదిమందికీ వినపడేట్టు పిలవండి."

ఆ పోగు ఆవిడ మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. పేరు విజయ్ అని రమ్య చెప్పింది. ధనలక్ష్మి గాజు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ దానికి ఆనించి, విజయ్ అని పిలిచింది. ఆ గాజు దాటి లోపలికి ఏమీ వినపడదమ్మా అని నర్సు చెప్పింది. ధనలక్ష్మి మళ్ళీ పిలిచింది, ఈసారి ఇంకా గట్టిగా.